బాప్తిస్మం ఇచ్చారు, తీసుకున్నాను, ఇప్పించారు

"బాప్తిస్మం అంటే బాప్టిజమే కదా, మళ్ళీ తెలుగులో నేర్చుకోవడానికి ఏముంది?" అని మా సంఘంలో పిల్లలు నన్ను అడుగుతూ ఉంటారు. మాది దక్షిణాఫ్రికాలో నాటాల్ తీరం. ఆరాధన ఇప్పుడు అంతా ఇంగ్లీషులోనే. తెలుగులో మిగిలినవి రెండు మూడు కీర్తనలు, కొన్ని మాటలు. ఎవరికీ అర్థం కానప్పుడు ఆ మాటలు కూడా ఎందుకు అని కొందరు పెద్దలే అంటున్నారు. నేను మాత్రం ఉంచుదాం అంటాను. ఎందుకో ఈ ఒక్క మాటతో చెబుతాను.

ముందు పిల్లల వైపు న్యాయం ఒప్పుకోవాలి. బాప్తిస్మం తెలుగు మాట కాదు, గ్రీకు మాట. గ్రీకులో బాప్తిజో అంటే ముంచడం. మామూలు మాట అది, ఓడ మునిగినా అదే వాడేవారు. కుష్ఠరోగం పోవడానికి నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగిన కథ గ్రీకు పాత నిబంధనలో ఇదే క్రియతో ఉంది. మన తెలుగు బైబిలులో నయమాను మునిగాడు అనే ఉంటుంది. కొత్త నిబంధనకు వచ్చేసరికి మాత్రం అది బాప్తిస్మం అయిపోయింది. వింటే నీళ్ళు కనబడవు.

అనువాదకులకు "ముంచు" అనే మాట తెలియక కాదు. కొన్ని సంఘాలు ముంచుతాయి, కొన్ని నీళ్ళు చిలకరిస్తాయి. "ముంచడం" అని రాస్తే చిలకరించేవారు ఆ బైబిలు పట్టుకోరు. బెంగాలీలో అలాగే జరిగింది. బాప్టిస్టులు ఆ మాటను మునగడం అనే అర్థంతో అనువదించారు. 1830లలో బైబిలు సొసైటీలు ఆ అనువాదానికి డబ్బు ఇవ్వం అన్నాయి. అమెరికాలో బాప్టిస్టులు 1836లో వేరే సొసైటీయే పెట్టుకున్నారు. కాబట్టి గ్రీకు మాటను అలాగే ఉంచడం ఒక రాజీ. అందరూ ఒకే పుస్తకం చదవడానికి చేసుకున్న రాజీ.

మా చుట్టూ ఉన్న భాషల్లో ఎవరి దారి వారిది. జులూ బైబిలులో గ్రీకు మాటే ఉంభాపతిజో అయ్యింది. ఆఫ్రికాన్స్‌లో డూఅప్ అంటారు. కాఫీలో బిస్కట్ ముంచుకోవడానికి కూడా అదే మాట, కాబట్టి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. మా తమిళ పొరుగువారిది ఞానస్నానం. తెలుగు కతోలికులు కూడా జ్ఞానస్నానం అంటారు. ఆ మాటలో స్నానమూ ఉంది, అది ఒంటికి మాత్రమే కాదనే సంగతీ ఉంది. నిజం చెప్పాలంటే నామవాచకాల పోటీ పెడితే మన బాప్తిస్మం గెలవదు.

కానీ నామవాచకం ఒక్కటే భాష కాదు. దాని పక్కన ఉండే క్రియ చూడండి. పాస్టరుగారు బాప్తిస్మం ఇచ్చారు. నేను బాప్తిస్మం తీసుకున్నాను. మా అమ్మానాన్నలు నాకు చిన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించారు. ఈ మూడు వాక్యాల్లో ఎవరు ఏం చేశారో, ఎవరు నిర్ణయించారో స్పష్టంగా ఉంది. ఇంగ్లీషులో నెలల పాపాయి గురించైనా ముప్పై ఏళ్ళ మనిషి గురించైనా మామూలుగా "వాజ్ బాప్టైజ్డ్" అనే చెబుతారు. ఆ మనిషి అడిగాడా, ఎవరైనా అతని కోసం అడిగారా అనేది ఆ మాటలో లేదు. తెలుగులో అది దాచడం కష్టం. పసివారికి ఇవ్వవచ్చా, ఎదిగి నమ్మినవారికే ఇవ్వాలా అని సంఘాలు వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నాయి. మన ఇళ్ళల్లో ఆ తేడా "తీసుకున్నాడు", "ఇప్పించారు" అనే మాటల్లోనే తెలిసిపోతుంది.

ఈ తేడాకు మన చరిత్రలో చాలా విలువ ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని ఇప్పించారు. సహాయం జరుగుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం తీసుకున్నారు అని ఎవరూ అనకూడదని ఆయన ఉద్దేశం. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎందుకు తీసుకున్నారు అనే ప్రశ్న అప్పుడే అంత పెద్దది.

ఒప్పందపు కూలీలుగా చెరకు తోటలకు, తేయాకు తోటలకు వచ్చిన తెలుగువారిలో కొందరు ఆ నమ్మకాన్ని ఇక్కడికి తెచ్చారు. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు వారి కోసం నాటాల్ వచ్చారు. అదే ఏడాది కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. ఆ కూలీలకు ఏ తోటలో పని చేయాలో, ఎంత కూలి తీసుకోవాలో ఇతరులే నిర్ణయించేవారు. అలాంటి మనిషి "నేను బాప్తిస్మం తీసుకున్నాను" అంటే ఆ క్రియకు కర్త తానే. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే మొదట పోయేది అదే.

నా స్నేహితుడు ఒకడు దీనికి ఒప్పుకోడు. కృప దేవుడు ఇచ్చేది, మనం తీసుకునేది ఏముంది, మీ తెలుగు మనిషిని ఎక్కువ చేస్తోంది అంటాడు. నేను అలా అనుకోను. ఇచ్చేవారు లేకుండా తీసుకోవడం లేదు. ఇష్టం లేకపోతే "పొందాను" అనవచ్చు, తెలుగులో అదీ ఉంది. మారుమనస్సు కూడా పొందుతారనే అంటాం.

తెలుగు ఆరాధన తిరిగి తెద్దామని నేను అడగడం లేదు. అది మా వల్ల కాదు. నేను అడిగేది చిన్నది. నీళ్ళలోకి దిగే ముందు ప్రతి ఒక్కరూ "నేను బాప్తిస్మం తీసుకుంటున్నాను" అని ఒక్కసారి తెలుగులో చెప్పాలి. మూడే మాటలు. బాప్తిస్మం అంటే మునగడం అని, తీసుకోవడం అంటే తన ఇష్టంతో అని ముందు వారం ఎవరైనా వివరిస్తే చాలు. ఆ పని నేను చేస్తాను.