గుర్రం కూలితే బాధ్యత ఎవరిది?
పందెపు లాయాల్లో పనికి కుదిరేవారు తెలుసుకోవలసిన చట్టం

పందెపు గుర్రం బరువు సుమారు 450 కిలోలు. పరుగు అందుకుంటే దాని వేగం గంటకు 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగంలో గుర్రం తూలితే పైనున్న జాకీకి నడుము విరగవచ్చు, ప్రాణమే పోవచ్చు. ప్రమాదం మైదానంలోనే ఉన్నదనుకోవడం కూడా పొరపాటే. తెల్లవారుజామున లాయంలో గుర్రాన్ని తోమే సైసుకు ఒక్క తాపు చాలు. అటువంటి వేళ ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, కుటుంబాన్ని ఎవరు ఆదుకోవాలి అన్న ప్రశ్న ఎదురవుతుంది.

యజమాని ఎవరు?

చిక్కంతా ఇక్కడే ఉన్నది. గుర్రం ఒకరిది. దానికి శిక్షణ ఇచ్చే ట్రైనరు మరొకరు. మైదానం, పందెం నిర్వహణ రేసు క్లబ్బువి. సైసును సాధారణంగా ట్రైనరు పనిలో పెట్టుకుంటాడు. జాకీ మాత్రం క్లబ్బు ఇచ్చిన లైసెన్సుతో నేడు ఒకరి గుర్రం, రేపు మరొకరి గుర్రం ఎక్కుతాడు. దెబ్బ తగిలిన రోజున ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపితే నష్టపోయేది పనివాడే.

హైదరాబాదు కేసు

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, హైదరాబాదు పందేలు మౌలాలి నుండి మలక్‌పేటకు మారాయి. ఆ మలక్‌పేటలో పందేలు నడిపే హైదరాబాదు రేసు క్లబ్బుకు ఇ.ఎస్.ఐ. చట్టం వర్తిస్తుందా, లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వర్తిస్తుందని 2004లో కోర్టు తీర్పు చెప్పింది. తర్వాత బెంగుళూరు టర్ఫ్ క్లబ్బు కేసులో ఈ విషయమై సందేహం వచ్చి, ప్రశ్న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు చేరింది. ఆ ధర్మాసనం 2014 జూలై 31న సందేహాన్ని తీర్చివేసింది. రుసుము తీసుకుని ప్రజలకు వినోదం అందించే రేసు క్లబ్బు కూడా ఈ చట్టం దృష్టిలో దుకాణం కిందికే వస్తుందన్నది తీర్పు సారాంశం. పందెం రోజుల్లో మాత్రమే పనికి వచ్చే తాత్కాలిక సిబ్బందికి సైతం ఇ.ఎస్.ఐ. వర్తిస్తుందని 2016లో ముంబయి, పూనా పందేలు నిర్వహించే క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇ.ఎస్.ఐ. కింద ఉన్న కార్మికుడు పనిలో గాయపడితే వైద్యం ఉచితం. పనికి పోలేని కాలానికి జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. మరణిస్తే ఆధారపడినవారికి పింఛను లభిస్తుంది. పనిలో చేరిన తొలిరోజే దెబ్బ తగిలినా ఈ హక్కు ఉంటుంది. అయితే 2017 జనవరిలో పెట్టిన నెలకు 21,000 రూపాయల జీతపు పరిమితి ఉన్నది.

ఇ.ఎస్.ఐ. లేనివారికి

ఇ.ఎస్.ఐ. వర్తించని చిన్న లాయాల్లో పనిచేసేవారికి నష్టపరిహార చట్టం అండగా ఉన్నది. 1923 నాటి ఈ చట్టాన్ని, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. యజమాని తప్పు చేశాడని రుజువు చేయవలసిన పని లేదు. పని కారణంగా, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని తేలితే చాలు.

ఉదాహరణకు, నెలకు 12,000 రూపాయల జీతంపై ఉన్న 25 ఏళ్ళ సైసు గుర్రం తన్ని మరణించాడనుకుందాం. జీతంలో సగం, అంటే 6,000 రూపాయలను ఆ వయసుకు పట్టికలో ఉన్న 216.91తో హెచ్చవేస్తారు. కుటుంబానికి రావలసినది 13,01,460 రూపాయలు. ప్రాణం దక్కినా ఇక ఏ పనీ చేయలేని స్థితి శాశ్వతంగా వస్తే సగానికి బదులు 60 శాతం లెక్కిస్తారు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారు మాత్రం ఈ పరిహారాన్ని కూడా అదనంగా కోరడానికి వీల్లేదు.

జాకీ సంగతి

జాకీ ఒకరి వద్ద నెలజీతగాడు కాడు కనుక ఈ రక్షణలు అతనికి సులభంగా అందవు. తోటి జాకీపై దావా వేయవచ్చునా అంటే, ఇంగ్లండులో వచ్చిన రెండు తీర్పులు గమనించదగినవి. 1994లో హెక్సమ్‌లో పడి గాయపడిన పీటర్ కాల్డ్‌వెల్ ఇద్దరు జాకీలపై దావా వేశాడు. వారు అజాగ్రత్తగా స్వారీ చేశారని పందెపు అధికారులు అప్పటికే శిక్షించారు. అయినా పోటీ వేడిలో జరిగిన క్షణికమైన పొరపాటుకు పరిహారం రాదని 2001లో అప్పీలు కోర్టు అన్నది. 2016లో కెంప్టన్‌లో పడి నడుము కింద చచ్చుబడిన ఫ్రెడ్డీ టిలికీ కేసులో మాత్రం, ఎదుటివాని క్షేమాన్ని బొత్తిగా లెక్కచేయకుండా స్వారీ చేశాడని తోటి జాకీనే బాధ్యుణ్ణి చేస్తూ 2021 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు రావడానికి అయిదేళ్ళు పట్టింది.

కనుక జాకీకి దావా కంటే బీమాయే నమ్మదగిన దారి. అందులోనూ మెలకువ అవసరం. వృత్తి క్రీడలు, పందేలలో తగిలిన దెబ్బలకు డబ్బు ఇవ్వబోమని పలు మామూలు ప్రమాద పాలసీలలో షరతు ఉంటుంది. పందెం స్వారీకి వర్తిస్తుందని పాలసీలో రాసి ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

చేయవలసినది

పల్లె విడిచి లాయాల్లో పనికి వెళ్ళేవారు జీతం ఇచ్చేది ఎవరో కాగితంపై రాయించుకోవాలి. ఇ.ఎస్.ఐ. నంబరు అడిగి తీసుకోవాలి. దెబ్బ తగిలిన రోజునే ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయించి, ఆసుపత్రి చీటీలు భద్రపరచుకోవాలి. "తర్వాత చూద్దాం" అన్న మాట నమ్మి ఊరికి తిరిగి వస్తే చేతిలో సాక్ష్యం మిగలదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. కాలు విరిగిన సైసు ఇంట కూడా పొయ్యి వెలగక తప్పదు. అందుకు కావలసిన చట్టం ఉన్నది. అది అక్కరకు రావాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి.