జ్ఞానస్నానానికీ కుల సర్టిఫికెట్‌కీ ముడి ఎందుకు?

చాలా ఏళ్లలో జనవరి 14 మన ఇళ్లలో భోగి మంటల రోజు. కతోలిక పంచాంగంలో అది పునీత దేవసహాయం పండుగ. తిరువాంకూరు కొలువులో పనిచేసిన ఈ నాయర్ కులస్థుడు 1745లో జ్ఞానస్నానం పొందాడు. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద ఆయన్ను కాల్చి చంపారు. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. భారతీయ గృహస్థుల్లో ఆ గౌరవం ఆయనకే మొదట దక్కింది. ఆ ప్రకటనకు ముందు ఒక పేచీ నడిచింది. ఆయన పేరు వెనక ఉన్న ‘పిళ్లై’ కులాన్ని చాటుతోందనీ, దాన్ని తీసేయాలనీ రోముకు విజ్ఞప్తులు వెళ్లాయి. రోము తీసేసింది. చనిపోయి 270 ఏళ్లయినా, పీఠం మీదికి ఎక్కబోతున్నా కులం ఆ మనిషిని వదల్లేదు. జ్ఞానస్నానంతో కులం కడుక్కుపోతుందని వాదించేవాళ్లు ఈ ఉదంతాన్ని దాటుకుని రావాలి.

మన చట్టం ఆ వాదననే నమ్ముతోంది, అదీ కొందరి విషయంలోనే. 1988లో వరంగల్ నుంచి వేరుపడిన ఖమ్మం మేత్రాసనంలో మైదానపు దళితవాడలూ ఉన్నాయి, భద్రాచలం అడవి అంచు కోయగూడేలూ ఉన్నాయి. విచారణ (పారిష్) పండుగనాడు ఇద్దరూ ఒకే జెండా కింద నిలబడతారు, ఒకే తేరు వెంట నడుస్తారు. మర్నాడు తహసీల్దార్ ఆఫీసులో మాత్రం దారులు వేరు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం ప్రస్తావనే లేదు, కాబట్టి కోయ కతోలికుడు ఎస్టీగానే ఉంటాడు. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మాత్రం హిందువులకే ఆ హోదా అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవ మాల, మాదిగలకు తీయలేదు. వాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో మిగిలింది బీసీ-సి కింద 1 శాతం.

ఈ తేడాను సరిచేయాలన్న మాట ఇప్పుడు తలకిందులుగా వినిపిస్తోంది. మతం మారిన ఆదివాసులను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలని జనజాతి సురక్షా మంచ్ అనే సంస్థ ఊరూరా సభలు పెడుతోంది. మైనారిటీగా ఒకటి, ఎస్టీగా ఒకటి, రెండు లాభాలు పొందుతున్నారన్నది వారి వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రాజ్యాంగం మైనారిటీలకిచ్చిన ప్రధాన హక్కు సొంత విద్యాసంస్థలు నడుపుకోవడం. ఉద్యోగాల్లో కోటా కాదు. పైగా ఏజెన్సీలో ఎస్టీ హోదా అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, కాళ్ల కింది నేల. 1/70 చట్టం గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా కాపాడుతోంది. పోడు పట్టాకు 2006 అటవీ హక్కుల చట్టం ఎస్టీ నుంచి అడిగేది 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు రుజువు. ఇతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిని నమ్ముకుని అక్కడే ఉన్నట్టు చూపాలి. ఆదివారం పూజకు వెళ్లాడని కోయ రైతును జాబితా నుంచి తీసేస్తే అతని చేనుకు ఉన్న రక్షణ మొత్తం ప్రశ్నార్థకమవుతుంది. గూడెంలో ఒకరి భూమి బయటివాళ్లకు దారి తెరిస్తే, ఆ దారి పక్కనున్న హిందూ కోయ చేను దగ్గర ఆగుతుందా?

ఇందులో గట్టి అభ్యంతరం ఒకటుంది. తెగ అంటే ఆచారం. భూమి పండుగ చేయనివాడు, మేడారం గద్దెల వైపు చూడనివాడు ఏ లెక్కన కోయ అని అడుగుతారు. కొన్ని క్రైస్తవ శాఖలు ఈ ఆచారాలన్నిటినీ సైతాను పనులుగా బోధించి గూడేలను చీల్చిన మాట నిజం. కతోలికులు కూడా పూర్తిగా చేతులు కడుక్కోలేరు. అయితే పూర్వీకులకు గౌరవం చూపే చైనా ఆచారాలను రోము 1939లోనే అనుమతించింది. రెండో వాటికన్ మహాసభ స్థానిక సంప్రదాయాలకు ఆరాధనలోనే చోటిచ్చింది. చనిపోయినవారి పేరిట రాళ్లు నిలిపే కోయలకు నవంబర్ 2న సమాధులపై కొవ్వొత్తులు వెలిగించడం పరాయి పని ఎలా అవుతుంది? చట్టం దృష్టిలోనూ ఇది గుండుగుత్తగా తేల్చే విషయం కాదు. మతం మారినంతనే తెగ సభ్యత్వం పోదని, ఆచారాలను వదిలేశారో లేదో ఆయా కేసుల్లో విడిగా చూడాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఓపిక దళిత క్రైస్తవుడి విషయంలో లేదు. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎస్సీగా రక్షణ ఉండదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. ఆ మాట 1950 ఉత్తర్వుకు లోబడినదే, న్యాయమూర్తిని తప్పుపట్టలేం. ఫలితం మాత్రం ఊళ్లలో అందరికీ తెలిసిందే: బడి రిజిస్టర్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు. జ్ఞానస్నానంలో పెట్టుకున్న పునీతుడి పేరును కతోలికుడు దొంగసొత్తులా దాచుకోవాలి. రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024లో సుప్రీంకోర్టు అంది. నిజమే, కానీ మనిషిని అబద్ధంలోకి నెడుతున్నది ఏ నిబంధనో కూడా అడగాలి.

క్రైస్తవంలో కులం లేదు కదా, మరి హోదా ఎందుకన్న ప్రశ్నకు పీఠాధిపతులే జవాబిచ్చారు. 2016లో వారి సమాఖ్య విడుదల చేసిన దళిత సాధికారత విధానం సంఘంలో వివక్ష ఉందని ఒప్పుకుంది. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల కోసం తీర్మానం చేసింది. ఇక మిగిలేది ఉన్నవారి వాటా తగ్గుతుందన్న భయం. అది ఉత్త భయం కాదు, 15 శాతంలోకి కొత్తవారు వస్తే నిజంగానే తగ్గుతుంది. అయితే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో అదే 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచి, వాటాలు విడిగా లెక్కకట్టడం సాధ్యమేనని చూపింది. కేంద్రం మూడో పేరాను సవరించిన రోజున, ఇప్పటికే వేరుగా ఉన్న బీసీ-సి 1 శాతాన్ని ఎస్సీ కోటాకు నాలుగో గ్రూపుగా కలిపితే ఉన్నవారి 15 శాతంలో ఒక్క సీటూ తగ్గదు.