లోయి అవ్వ విడిచి వెళ్లిన ఆస్తి

లోయి అనే స్త్రీ పేరు బైబిలులో ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. ఆమె అద్భుతాలు చేసినట్టు గానీ, ప్రవచించినట్టు గానీ రాయబడలేదు. ఆమె నోటి మాట ఒక్కటి కూడా లేఖనాల్లో లేదు. అయినా చెరసాలలో మరణానికి సిద్ధపడుతున్న అపొస్తలుడైన పౌలు, తన ప్రియ కుమారుని వంటి తిమోతికి ఉత్తరం రాస్తూ మొదట్లోనే ఈ అవ్వను తలచుకున్నాడు. తిమోతిలోని కపటం లేని విశ్వాసం ముందు అవ్వ లోయిలో, ఆ తర్వాత తల్లి యునీకేలో కాపురమున్నదేనని గుర్తుచేశాడు (2 తిమోతి 1:5).

అక్కడ గ్రీకు మూలంలో అవ్వకు వాడిన పదం 'మమ్మే'. చిన్నపిల్లల నోట పుట్టిన పిలుపు అది. మన కోస్తా పల్లెల్లో పిల్లలు నాయనమ్మను పిలిచే 'మామ్మ' వెంటనే గుర్తుకు రాదూ! ఈ పదం కొత్త నిబంధనలో మరెక్కడా లేదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కార్య. 16:1). నేటి టర్కీలోని లుస్త్ర ప్రాంతంలో, అన్యదేవతల గుళ్ల మధ్య, ఈ బాలునికి పసితనం నుండే లేఖనాలు తెలుసు (2 తిమోతి 3:15). ఆ ఇంట్లో ఆ పాఠం ఎవరు చెప్పి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

మేము సంఘ కాపరులుగా ఎన్నో జ్ఞాపకార్థ కూడికలు నడిపించాం. నిండు జీవితం గడిపి, మనవలను, మునిమనవలను ఎత్తుకుని ప్రభువు నందు నిద్రించిన తల్లుల కూడికలవి. షామియానాలు వేస్తారు, భోజనాలు పెడతారు, విదేశాల నుంచి మనవలు వస్తారు. ఆమెకు ఎంతమంది సంతానమో, ఎవరెక్కడ ఉద్యోగం చేస్తున్నారో వివరంగా చెబుతారు. కానీ ఆ తల్లి ఏ ఊళ్లో, ఎవరి ద్వారా ప్రభువును తెలుసుకుంది? భర్త పోయాక ఏ వాగ్దానాన్ని పట్టుకుని పిల్లలను పెంచింది? ఇలా అడిగితే చాలాసార్లు కుటుంబమంతా ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. జవాబు తెలిసిన ఒక్క మనిషీ అప్పటికే సమాధిలో ఉంటుంది.

ఒక కూడికలో మాత్రం మనవరాలు లేచి సాక్ష్యం చెప్పింది. చదువురాని తన అమ్మమ్మ రాత్రిపూట తనచేత కీర్తనలు చదివించుకునేదట. ఒక్క మాట తప్పు చదివినా, కళ్లు మూసుకునే దిద్దేదట. ఆ ఇంటి అసలు ఆస్తి ఏమిటో ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఈ ముసలితల్లుల జ్ఞాపకాలు ఒక్క కుటుంబానివే కావు, సంఘానివి కూడా. 1876-78 నాటి మహా కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య పుస్తకాల్లో ఉంది. ఆ ఇళ్లల్లో ఏం జరిగిందో మాత్రం అవ్వలు మనవలకు చెప్పుకుంటూ వచ్చిన మాటల్లోనే ఉంది. ఈనాడు తొంభై దాటిన తల్లులు, ఆ కరువు కాలపు పిల్లలు అవ్వలయ్యాక వారి ఒడిలో పెరిగిన తరం. వీరితో ఆ గొలుసు తెగిపోకూడదు.

లోయిని మెచ్చుకున్న పౌలే, ఆమె మనవడైన తిమోతికి మరో మాట కూడా రాశాడు. పిల్లలైనా మనవలైనా దైవభక్తిని ముందు సొంత ఇంట్లో చూపించాలని, కన్నవారి రుణం తీర్చడం నేర్చుకోవాలని (1 తిమోతి 5:4). పోయాక గ్రానైట్ సమాధి కట్టించడం తప్పు కాదు. కానీ బతికుండగా కంటి ఆపరేషన్ వాయిదా వేసి, ఫోన్‌లో రెండు నిమిషాలు కూడా మాట్లాడకుండా, ఆ తర్వాత రాతిమీద చెక్కించే ప్రేమను పౌలు భక్తి అనడు.

మీ ఇంట్లో ఇంకా అలాంటి తల్లి ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మంచం దగ్గర కూర్చోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఆమె సాక్ష్యం అడగండి, ఒక నోటు పుస్తకంలో రాయండి. చెప్పిందే చెప్పినా విసుక్కోకుండా వినండి. ఆ పుస్తకాన్ని మీ కుటుంబ బైబిలులోనే దాచండి. ఆమెను చూడబోని తరానికి కూడా ఆమె మామ్మగానే మిగులుతుంది.