పెళ్లి కుదిరిందని ఆపేసిన మాత్రలు



మా పిన్నికి బైపోలార్ డిజార్డర్. ఈ విషయం న్యూస్‌లెటర్‌లో రాయొచ్చా అని అడిగితే, "పేరు లేకుండా రాయమ్మా, ఇంకో పిల్లకైనా పనికొస్తుంది" అంది.

ఇంటర్‌లో మొదలైంది. ముందు నెలల తరబడి దిగులు. తర్వాత వారమంతా నిద్ర లేకపోయినా అలుపు లేదు, మాటలు ఆగవు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు. చివరికి డాక్టరు లిథియం మొదలుపెట్టాక కుదుటపడి డిగ్రీ పాసైంది. పెళ్లి కుదరగానే మా ఇంట్లోవాళ్లే మాత్రలు ఆపించారు. అటువాళ్లకు తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం. కాన్పయిన పదో రోజున జబ్బు తిరగబెట్టింది. మూడు నెలలు తల్లి ఒక ఊళ్లో, పసిబిడ్డ ఒక ఊళ్లో. (బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇద్దరినీ కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు ఉందని ఈమధ్యే తెలిసింది.)

మా పెద్దవాళ్ల మీద కోపంగా ఉండేది. ఇప్పుడు అంత లేదు. వాళ్లకు చెప్పిందెవరు గనక?

ఆడవాళ్లలో ఈ జబ్బుకు వయసును బట్టి వైద్యం మారుతూ ఉండాలి. టీనేజ్‌లో తరచు దిగులుగానే బయటపడుతుంది. అప్పుడు ఉత్త డిప్రెషన్ మాత్రలే ఇస్తే కొందరిలో ఉద్రేకం పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డ వెన్నును, మెదడును దెబ్బతీయగలదు. మీ అమ్మాయికి అది రాస్తే వేరే మందు లేదా అని డాక్టరును అడగండి, మీ అంతట మీరు ఆపకండి. గర్భిణికి లిథియం మోతాదు రక్తపరీక్ష చూసి సరిచేస్తారు. నెలసరి ఆగే వయసులో మళ్లీ ఒడిదుడుకులు రావచ్చు. లిథియం వాడినన్నాళ్లూ థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పవు.

మన యర్రగొండపాలెం ఎండలు తెలిసినవే. చెమటకు ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌తోనూ అదే ముప్పు.

అన్నిటికన్నా గడ్డుకాలం కాన్పు తర్వాతి వారాలు. రెండోసారి పిన్ని ముందే డాక్టరుతో మాట్లాడుకుంది. ఆమెకు నిద్ర చెడకూడదని రాత్రిళ్లు బిడ్డను అత్తగారే చూసుకున్నారు. ఆ అత్తగారికి తెలియకూడదనే కదా మాత్రలు ఆపించింది! ఆసారి ఏ ఇబ్బందీ రాలేదు.

టీచర్‌గా ఒక మాట. లిథియం వేసుకునే పిల్లకు దాహం ఎక్కువ, మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుంది. తెలియకపోతే మేము "ఇందాకే వెళ్లావుగా, కూర్చో" అంటాం. క్లాస్ టీచర్ ఒక్కరికైనా చెప్పండి. ఒంగోలు మనకు 100 కిలోమీటర్ల పైనే. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలిమానస్ నంబరు 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.