గుడ్డ రెక్కల విమానాలు

1982 అక్టోబరు 15న ఒక చిన్న విమానం కరాచీలో బయల్దేరి, అహ్మదాబాదులో ఆగి, బొంబాయి జుహూలో దిగింది. నడిపింది జె.ఆర్.డి. టాటా. అప్పుడాయనకు 78 ఏళ్లు. విమానంలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. సరిగ్గా 50 ఏళ్ల కిందట, 1932లో అదే తేదీన, అదే దారిలో ఉత్తరాల సంచులు వేసుకుని వచ్చిన పైలట్ కూడా ఆయనే. తర్వాత ఎయిరిండియాగా ఎదిగిన సంస్థకు తొలి ప్రయాణం అది.

స్వర్ణోత్సవం అంటే మనకు తెలిసిన పద్ధతులు వేరు. సభ పెడతాం, శాలువా కప్పుతాం, సావనీరు వేస్తాం. ఆయన మాత్రం పాతకాలపు విమానం ఎక్కి, తానే నడుపుకుంటూ సముద్రపు ఒడ్డు దాకా వచ్చారు. 1962లో ముప్పై ఏళ్లు నిండినప్పుడూ ఇదే పని చేశారు. ఒక యంత్రాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా గొప్ప పద్ధతి నాకు తెలియదు.

1932లో ఆయన నడిపింది పుస్ మాత్. 1962లోనూ 1982లోనూ నడిపింది దాని తర్వాత వచ్చిన లెపర్డ్ మాత్. రెండూ ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ చేసినవే. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీకి తెచ్చిన టపాను అక్కడ అందుకుని దక్షిణాదికి చేర్చడం టాటాల పని. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ ఆ సంచులు తీసుకుని బళ్లారిలో దిగి, అక్కణ్ణుంచి మద్రాసు చేరాడు. బళ్లారి అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా, తెలుగువాళ్లు నిండుగా ఉన్న ఊరు. మన విమాన చరిత్ర మొదటి పేజీలోనే ఆ ఊరి పేరుందని మనవాళ్లలో ఎందరికి తెలుసు? జుహూ మైదానం వానాకాలంలో బురదై పోయేది, విమానాలను పూనాకు మార్చుకునేవాళ్లు. రేడియో లేదు, దారి చూపే దీపాలు లేవు. కింద కనబడే రైలు పట్టాలు, నదులు, తీరరేఖ, చేతిలో మ్యాపు, ఇవే ఆధారం.

లెపర్డ్ మాత్ 1933 నాటి విమానం. తయారైనవి 130 పైచిలుకు మాత్రమే, అందుకే ఇప్పుడు అరుదు. ముందు సీట్లో పైలట్, వెనక ఇద్దరు. పుస్ మాత్ ఒడలు ఉక్కు గొట్టాలతో అల్లితే, దీనిది ప్లైవుడ్డు పెట్టె. రెక్కలు కర్ర చట్రం మీద బిగించిన గుడ్డ. ఆ రెక్కల్ని వెనక్కి మడిచి కారు షెడ్డులాంటి చోట పెట్టుకోవచ్చు. చక్రాల కాళ్లకున్న తొడుగుల్ని అడ్డంగా తిప్పితే గాలికి అడ్డుపడి బ్రేకుల్లా పనిచేస్తాయి. ఇంజను 130 గుర్రాల శక్తి గల జిప్సీ మేజర్. నాలుగు సిలిండర్లూ తలకిందులుగా ఉంటాయి, దానివల్ల పైలట్‌కు ముందు దారి కనబడుతుంది. స్టార్టు చేయాలంటే ఒక మనిషి ఎదురుగా నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో విసురుగా తిప్పాలి.

ఇలాంటి విమానాన్ని బాగుచేయడం విప్పడంతో మొదలవుతుంది. గుడ్డ ఒలిచేస్తే తప్ప లోపలి కర్ర సంగతి తెలియదు. ఆ రోజుల్లో కర్ర ముక్కల్ని అతికింది కేసీన్ జిగురుతో. పాలలోంచి తీసిన ఆ జిగురుకు తేమ తగిలితే బూజు పడుతుంది, అతుకు లోలోపలే వదులైపోతుంది. మన వానలూ ఉక్కా దానికి పగవాళ్లు. అందుకే ప్రతి అతుకునూ తట్టి, గీరి, వెలుతురు పెట్టి చూడాలి. పుచ్చిన చోట పొడవాటి వాలుగా కోసి, అదే వాలులో కొత్త కర్ర అతకాలి. తర్వాత గుడ్డ. అవిసెనార గుడ్డను రెక్కకు తొడిగి, మైనం పట్టించిన దారంతో, పొడవాటి సూదిని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ దూరుస్తూ, లోపలి ప్రతి పక్కటెముకకూ కట్టేయాలి. కుట్టు కుట్టుకూ ముడి. గాల్లో గుడ్డ చట్రం నుంచి పైకి ఉబ్బిందంటే రెక్క మోయడం మానేస్తుంది. ఆపైన డోప్ అనే వార్నిషు లాంటి పూత పూస్తారు. అది ఆరుతూ గుడ్డను లాగి బిగిస్తుంది. వేలితో కొడితే టంగుమనేదాకా పూతమీద పూత వేయాలి. చివరి పూతల్లో అల్యూమినియం పొడి కలుపుతారు, ఎండకు గుడ్డ చివికిపోకుండా.

ఇంత మార్చాక అది పాత విమానమేనా అని అడిగేవాళ్లున్నారు. నేను అవుననే అంటాను. ఊరి రథానికి ఇరుసు మారుస్తాం, చక్రాలు మారుస్తాం, అయినా అది మన తాతలు లాగిన రథమే. నారగుడ్డ బదులు ఎక్కువ కాలం మన్నే పాలిస్టర్ గుడ్డ వేసినా నాకు అభ్యంతరం లేదు. లాగ్‌బుక్కు తెగకుండా ఉండాలి, చేసిన ప్రతి మార్పూ అందులో ఎక్కాలి, పని అప్పటి పద్ధతి తెలిసిన చేతులతో జరగాలి.

ఎగిరిస్తే కూలిపోవచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న, ఇది బరువైనదే. పుస్ మాత్‌లు కొన్ని గాల్లోనే రెక్క విరిగి కూలాయి. 1933 జనవరిలో ఇటలీ కొండల్లో పుస్ మాత్ కూలి, ఆస్ట్రేలియా వీరుడు బెర్ట్ హింక్లర్ చనిపోయాడు. పరీక్షలు చేశాక రెక్కను మోసే కడ్డీలను బలపరిచారు. పాత విమానం ఎగిరించేవాడికి ఈ చరిత్రంతా తెలిసుండాలి, పాత లోపాన్ని మళ్లీ అతికించకూడదు. ఇంగ్లండులో ఓల్డ్ వార్డెన్ అనే చోట షటిల్‌వర్త్ సంగ్రహంలో 1909 నాటి బ్లేరియో విమానం కూడా ఉంది. గాలి నిలిచిన సాయంత్రాల్లో దాన్ని ఇప్పటికీ నేల మీంచి కాస్త పైకి లేపుతారు. వాళ్లు తెగించి చేస్తున్న పని కాదు, తరం నుంచి తరానికి నేర్చుకుని చేస్తున్నది.

మన సంగతి చూడండి. 2012 వైమానిక దళ దినోత్సవానికి హిండన్‌లో టైగర్ మాత్ ఎగిరినప్పుడు అందరం సంతోషించాం. దాన్ని బాగుచేసింది ఇంగ్లండులో. 2018లో పరశురామ పేరుతో వచ్చిన డకోటా కూడా అక్కడ బాగుపడిందే. తెప్పించినవాళ్లను తప్పుపట్టను, వాళ్లకు నా నమస్కారం. కానీ బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్.ఎ.ఎల్.) కర్మాగారంలో 1958లో పుష్పక్‌ను తయారుచేసిన దేశం మనది. రెండు సీట్లు, 90 గుర్రాల ఇంజను, ఉక్కు గొట్టాల ఒడలు, పైన గుడ్డ. అమెరికన్ ఏరోంకా ఛీఫ్‌ను పోలిన నమూనా. 150కి పైగా చేసి ఫ్లయింగ్ క్లబ్బులకిచ్చారు. ఎందరో పైలట్లు మొదటిసారి నేల విడిచింది వాటిలోనే. ఆ గుడ్డ కుట్టిన చేతులు, ఆ గొట్టాలు వెల్డింగ్ చేసిన చేతులు ఈ దేశానివే.

హైదరాబాదు బేగంపేట విమానాశ్రయంలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది. ఎయిర్‌బస్సూ బోయింగూ వచ్చి నిలబడే ఆ రన్‌వే మీంచి మనమే బాగుచేసుకున్న ఒక పుష్పక్ లేవాలని నా కోరిక. దీనికి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కావాలి, వడ్రంగులు కావాలి, దర్జీలు కావాలి. మన ఊళ్లలో వీళ్లకు కొరత లేదు. లైసెన్సున్న ఇంజనీరు ఒకరు పైన ఉండి ప్రతి అడుగునూ చూడాలి. డబ్బూ అనుమతులూ తర్వాతి సంగతి.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. 1960లలో క్లబ్బు హ్యాంగర్లలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా పుష్పక్‌లకు గుడ్డ తొడిగినవాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూఇటూ ఉన్నారు. ఏ కుట్టు ఎక్కడ వేసేవాళ్లు, వానాకాలంలో డోప్ తెల్లబడకుండా ఏం చేసేవాళ్లు, ఏ అతుకు ముందుగా వదిలేది, ఇవన్నీ వాళ్లకు చేతి అలవాటుగా తెలుసు. మాన్యువల్‌లో ఇవన్నీ ఉండవు. ప్రతి ఫ్లయింగ్ క్లబ్బూ తన పాత హాజరు పట్టీలు తీసి, వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ ఒక కెమెరాతో వెళ్లాలి. ఈ ఏడాదే వెళ్లాలి.