ఆరోగ్య వాణి: తెల్లకణాలు పెరిగినవా?

షాలిమార్‌లో పనిచేయుచున్న మన సహోద్యోగి ఒకరు ఇటీవల తమ కుమారుని రక్తపరీక్ష నివేదికను మాకు చూపించారు. బాబుకు మూడు రోజులుగా జ్వరం, గొంతునొప్పి. తెల్లకణాల సంఖ్య 16,800. "ఇది బ్లడ్ క్యాన్సరేమో" అని ఎవరో అన్న మాటతో ఆ దంపతులకు రాత్రి నిద్ర లేదు. "కౌంటు తగ్గించే మాత్ర ఏదైనా ఉన్నదా?" అని వారు అడిగారు. వారికి చెప్పినదే పాఠకులందరికీ మనవి చేయుచున్నాము.

పెద్దవారిలో ఘన మిల్లీమీటరు రక్తానికి 4,000 నుండి 11,000 వరకు తెల్లకణాలు ఉండుట సహజం. పసిపిల్లలలో, గర్భిణులలో ఇంతకు మించి ఉండవచ్చు. ఇవి శరీరానికి కాపలా బంట్లు. శత్రువు చొరబడినప్పుడు వీటి సంఖ్య పెరుగుతుంది. కనుక పెరుగుదల వ్యాధి కాదు, వ్యాధికి సూచన మాత్రమే.

ఏ రకం కణాలు పెరిగినవో డి.సి. పరీక్ష తెలుపుతుంది. న్యుమోనియా, చీముగడ్డలు, అపెండిసైటిస్‌లలో న్యూట్రోఫిల్స్, పలు వైరస్ జ్వరాలలో లింఫోసైట్స్, ఉబ్బసం, ఎలర్జీ, నులిపురుగులు, ఫైలేరియాలలో ఇసినోఫిల్స్ పెరుగుతాయి. ధూమపానం, స్టిరాయిడ్ మందులు కూడా సంఖ్యను పెంచుతాయి.

చికిత్స కారణానికే గాని అంకెకు కాదు. బాక్టీరియా సోకినదని వైద్యుడు నిర్ధారించినప్పుడే యాంటీబయాటిక్ వాడి, చెప్పినన్ని రోజులూ పూర్తి చేయవలెను. స్టిరాయిడ్లను సొంతంగా ఆపరాదు. పొగ త్రాగువారు మానవలెను.

అయితే వారాల తరబడి జ్వరం, పాలిపోవుట, చిగుళ్ళ నుండి రక్తం, దెబ్బ తగలకనే కమిలిన మచ్చలు, మెడలో గడ్డలు కనిపించినచో ఆలస్యం తగదు. ల్యుకేమియాలో సంఖ్య లక్ష దాటవచ్చు, ఒక్కొక్కప్పుడు మామూలుగానే ఉండవచ్చు. రక్తపు పూత, ఎముక మజ్జ పరీక్షలే నిజం తేల్చుతాయి.

ఆ వ్యాధిపై తొలి విజయంలో మన తెలుగువాని పాలు ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినాప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను కొంతకాలం అణచగలిగినట్లు 1948లో ప్రకటించారు. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఫైలేరియాకు వాడే డి.ఇ.సి. కూడా ఆ బృందం కృషియే. నేడు సరియైన చికిత్స అందిన పిల్లలలో అధికులు కోలుకుంటున్నారు.

మన సహోద్యోగి కుమారునికి గొంతులో ఇన్ఫెక్షన్ అని తేలినది. చికిత్స ముగిసిన పిదప సంఖ్య 9,200కు దిగినది. పాఠకులు తమ పాత నివేదికలను భద్రపరచి, వైద్యుని వద్దకు వెళ్ళునప్పుడు వెంట తీసుకుపోవలసినదిగా కోరుచున్నాము.