పోచారంలో నత్తలనూ లెక్కించాలి

మెదక్ సమీపంలోని పోచారం అభయారణ్యంలో జింకలను చూసేవారేగాని, చెరువులోని నత్తలను పట్టించుకొనేవారు అరుదు. 1952లో ఏర్పడిన అభయారణ్యంలో నత్తలకూ రక్షణ అవసరమే.

అన్ని నత్తలూ ఒకటి కావు. పెద్ద గుల్ల నత్తలు కొంగలకు ఆహారం. చిన్న లిమ్నియా నత్తల ద్వారా గొర్రెలకు, బర్రెలకు కార్జపు జలగ వ్యాధి సోకుతుంది. బిళ్లలా చుట్టుకొని ఉండే మరో రకం ద్వారా పశువులకు గురక వ్యాధి వస్తుంది. అలాగని మైలుతుత్తం చల్లితే మంచి నత్తలతో పాటు చేపలూ చస్తాయి.

ఏ ఒడ్డున ఏ రకం ఉందో తెలిస్తే పశువులను ఎక్కడ మేపరాదో, ఎప్పుడు మందు తాగించాలో రైతులకు తెలుస్తుంది. భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవుల కేంద్రం హైదరాబాదులోనే ఉంది. అటవీ, పశువైద్య శాఖలు దాని సాయంతో ఏటా వానల తర్వాత నత్తల గణన జరిపి, ఫలితాలను పరిసర గ్రామ పంచాయతీలకు తెలపాలి.